రేవు జట్టు సూర్ పోయిన ఏడు

ఎవరైనా కొత్త కబురు మోసుకొస్తే ఇస్తారి ముందు అడిగే మాట ఒకటే: "నీకెవడు జెప్పిండు?" 1977 అక్టోబరులో ఒక గురువారం మధ్యాహ్నం రూవీ క్యాంపు మెస్‌లో కూడా అదే అడిగాడు. రేవు కంపెనీ హాకీ జట్టు మస్కట్ వదిలి దూరాన తూర్పు తీరంలో ఉన్న సూర్‌కు తరలిపోతోందన్న వార్త అప్పుడే వచ్చింది. ప్రత్యర్థుల పీడ వదిలిందని కొందరు పళ్ళేలు మోగించారు, కొందరు ఈలలు వేశారు. ఇస్తారి మాత్రం తినడం ఆపి, ఆ మాట తెచ్చిన లారీ డ్రైవర్ని ఎగాదిగా చూశాడు.

"రేవు గేటు కాడ వాచ్‌మన్ అన్నడు," అన్నాడు డ్రైవర్.

"వాచ్‌మన్‌కు ఎవడు జెప్పిండు?"

"నువ్వు వడ్రంగోనివా, పోలీసోనివా?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు. మెస్ అంతా నవ్వింది. ఇస్తారి నవ్వలేదు. ఆ వార్త నిజమైతే అందరికంటే ముందు మునిగేది తనేనని అతనికి అప్పుడే తట్టింది.

ఇస్తారిది మెట్‌పల్లి పక్క పల్లె. పద్దెనిమిదేళ్ళప్పుడు బొంబాయి పోయి, ధోబీతలావ్‌లో ఒక ఆటసామాన్ల దుకాణం వెనక గదిలో ఆరేళ్ళు విరిగిన హాకీ కర్రలు అతికించాడు. దుకాణం మూతపడ్డాక షట్టరింగ్ వడ్రంగిగా ఒమన్ వచ్చాడు. రెండో ఏడు రూవీలో ఒక సైట్‌లో ఆనుకర్ర జారి, పలకల మోపు అతని కుడి మోకాలి మీద పడింది. ఎముక అతికింది గానీ మోకాలు సగమే వంగుతుంది. నిచ్చెన ఎక్కలేడు, గోడంచున నిలవలేడు. కంపెనీ డాక్టరు పనికిరాడని ఒక్క ముక్క రాస్తే వీసా రద్దు, వారం తిరిగేలోగా బొంబాయి విమానం. ఊళ్ళో భార్య రాములవ్వ బీడీలు చుడుతుంది, రెండెకరాల చెలక ఉంది. ఆ కాలితో నాగలి వెంట నడవలేడు. నడవకుండా చేసే మగవాళ్ళ పని ఆ ఊళ్ళో లేదు.

ఆ ముక్క రాయకుండా ఆపింది ఎహసాన్. హైదరాబాద్ మల్లేపల్లి మనిషి, సైట్‌లో ఫోర్‌మన్, కంపెనీ హాకీ జట్టుకు కెప్టెన్. కర్రలు జలంధర్ నుంచి ఓడలో రావాలి, మూడు నెలలు పడుతుంది. గడ్డి లేని గులకరాళ్ళ గ్రౌండు మీద ఒక్కో కర్ర నెల కూడా ఆగదు. కూర్చుని కర్రలు బాగుచేసే మనిషి ఒకడు కావాలని యజమానిని ఒప్పించి, ఇస్తారికి క్యాంపు వెనక రేకుల షెడ్డులో ఒక బల్ల, కర్ర బిగించడానికి ఒక పట్టుడు, సరేసు జిగురు కాచుకోవడానికి ఒక పొయ్యి ఇప్పించాడు. డ్యూటీ అదే.

హాకీ అక్కడ ఊరికే ఆడుకునే ఆట కాదు. రెండు పెద్ద కంపెనీలూ ఆటగాళ్ళను వీసాలిచ్చి తెచ్చుకునేవి. కాగితాల మీద వాళ్ళు ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు. పొద్దున సగం పూట పని, సాయంత్రం ప్రాక్టీసు, జీతంతో పాటు ఆట అలవెన్సు. రూవీ కంపెనీ యజమాని, మత్రా రేవులో పనులు చేసే కంపెనీ యజమాని ఒకప్పుడు భాగస్వాములు. దేనిమీద చెడిందో ఎవరికీ తెలీదు గానీ, విడిపోయాక ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది హాకీ ద్వారానే. యజమానిని అందరూ అర్బాబ్ అనేవాళ్ళు. రూవీ అర్బాబ్ ప్రతి శుక్రవారం నమాజు కాగానే లాండ్‌రోవర్‌లో గ్రౌండుకు వచ్చి, గీత పక్కనే కుర్చీ వేయించుకునేవాడు. రేవు జట్టు ఓడుతుంటే ఆయన ముఖం చూడాలి. కిందటి ఏడు పన్నెండు మ్యాచ్‌ల్లో పదకొండు వాళ్ళు ఓడారు. ఆ పదకొండు శుక్రవారాలూ క్యాంపులో మాంసం వండించాడు.

రేవు జట్టు కర్రలు కూడా ఇస్తారే బాగుచేసేవాడు. మస్కట్‌లో ఆ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు మరి. "వాళ్ళ చేతుల్ల కర్రల్లేకుంటే మనం ఎవర్తోని ఆడాలె, గాలితోనా?" అని ఎహసాన్ ఒప్పుకున్నాడు. రూవీ ఆటగాళ్ళకు అది గిట్టేది కాదు. తమ కర్ర విరిగినప్పుడల్లా ఇస్తారి వాళ్ళకు గట్టిగా, తమకు వదులుగా దారం చుట్టాడేమోనని గుసగుసలాడేవాళ్ళు. ఇస్తారి ఆ గుసగుసల్ని పట్టించుకునేవాడు కాదు. అనుమానించేవాళ్ళంటే అతనికి గౌరవమే.

పైగా ఆ కర్రల వల్ల రేవు జట్టు లోపలి సంగతులన్నీ అతనికి తెలిసేవి. ఎడమ అంచున ఆడేవాడి కర్ర కొస దగ్గర అరుగుతుంది, కుడి అంచున ఆడేవాడిది మడమ దగ్గర. గోల్‌కీపర్ కర్ర అంచులు చిట్లుతాయి. ప్రాక్టీసు ఎగ్గొట్టేవాడి పిడికి చెమట మరక ఉండదు. ఫలానావాడు మణికట్టు నొప్పితో ఆడుతున్నాడు, ఫలానాచోట కొత్తవాడు వచ్చాడు అని మ్యాచ్‌కు ముందు ఎహసాన్‌కు చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

వార్త వచ్చిన మూడో రోజు రేవు జట్టు కెప్టెన్ ఫజల్ గోనెసంచి భుజాన వేసుకుని షెడ్డుకొచ్చాడు. కడప మనిషి, గోల్‌కీపర్, మాటకు ముందు నవ్వే రకం. ఆ నవ్వంటేనే ఇస్తారికి గురి కుదరదు.

"ఏమప్పా ఇస్తారీ, మేము పోతాండామని నీకు సంతోషమా, దిగులా?"

"పోయినంక జెప్త."

"నమ్మవా?"

"సామాను లారీ ఎక్కినంక నమ్ముత."

ఫజల్ పగలబడి నవ్వి సంచి బోర్లించాడు. పదమూడు కర్రలు. పన్నెండు ఇస్తారికి తెలిసినవే, ఏది ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలడు. పదమూడోది ఎన్నడూ చూడనిది. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టేకు. హాకీ కర్ర మల్బరీతో చేస్తారు, పిడికి బెత్తం పొదుగుతారు. ఇది పిడి నుంచి కొస దాకా ఒకే చెక్క. కొస దగ్గర కొంచెం అరిగింది. దానిలోంచి చేపనూనె వాసన కొడుతోంది.

"ఇదెవరిది?"

"మాదే. ఊరికే చూడు. ఎట్లుండాదో చెప్పు."

"ఆడేటోడు ఎవడని అడుగుతున్న."

"ఎవరైతే ఏముందిలేప్పా," అని ఫజల్ చూపు తిప్పుకున్నాడు.

ఆ చూపు తిప్పుకోవడం ఇస్తారి కంట పడింది. తర్వాత ఫజల్ అసలు పనిమీద ఎహసాన్ గదికి వెళ్ళాడు. సూర్ పోయినా ఆట ఆగకూడదని, నెలకొక మ్యాచ్ పెట్టుకుందామని, ఒక నెల రూవీ జట్టు సూర్ రావాలని, తర్వాతి నెల తాము రూవీ వస్తామని, గురువారంలోగా అవునో కాదో చెప్పమని అడిగి వెళ్ళాడు.

ఎహసాన్ ఆ సాయంత్రమే షెడ్డుకొచ్చాడు. "ఏమంటయ్ కర్రలు?"

ఇస్తారి టేకు కర్ర బల్ల మీద పెట్టాడు. "జూడు భాయ్. గిది దుకాణంల దొరికే మాల్ కాదు. ఒక్కని కోసం స్పెషల్‌గ చేయించిన్రు. ఎడమ అంచున ఆడేటోడు. బలమైనోడు, లేకుంటే గింత బరువు మోయలేడు. వాసన జూడు. రేవుల చేపలు పట్టేటోళ్ళల్ల ఎవన్నో దొరకబట్టిన్రు, దాస్తున్రు. పేరడిగితే ఫజల్ మొఖం తిప్పుకున్నడు."

"అయితే?"

"పొయ్యే జట్టు కొత్తోన్ని ఎందుకు తెచ్చుకుంటది? పోతున్నమని పుకారు లేపి మనల్ని పండవెడుతున్రు. నవంబర్ల జాతీయ దినం కప్పు ఉన్నది గదా. దానికి ముంగట మనోళ్ళను లారీల పది గంటలు కుదిపి సూర్ల పడేస్తే, కాళ్ళు గుంజి కప్పుల ఏమాడుతరు?"

ఎహసాన్ కర్రను వాసన చూశాడు. "యా అల్లా, చేపే," అన్నాడు.

మరునాడు అర్బాబ్‌కు అదంతా అరబ్బీలో చెప్పాడు. అర్బాబ్‌కు పాత భాగస్వామి గురించి ఎంత చెడ్డ మాట చెప్పినా తక్కువే. జవాబు రెండు ముక్కల్లో వచ్చింది: మోసం. కుదరదు.

గురువారం ఫజల్ కర్రలు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఎహసాన్ ఆ మాట చెప్పాడు. ఫజల్ ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించలేదు. "మోసమా? ఓడిపోయి ఓడిపోయి, ఆట ఇడిచిపెట్టకూడదని మీ గడప తొక్కితే మోసమంటారా? సరేలే భాయ్." ఇస్తారి వైపు తిరిగి, "నువ్వేందప్పా కింద చూస్తాండావు?" అని, జవాబు కోసం ఆగకుండా సంచి ఎత్తుకుని పోయాడు.

శనివారం రేవు జట్టు సామాను లారీ ఎక్కింది. రూవీ రౌండ్అబౌట్ దగ్గర ఇస్తారి నిలబడి చూశాడు. మంచాలు, వంటపాత్రలు, గోల్ వలలు, పదహారు మంది మనుషులు. ఎవరూ చెయ్యి ఊపలేదు. అయినా అతను నమ్మలేదు. కప్పు నాటికి తిరిగి దిగుతారని క్యాంపులో అందరికీ చెప్పాడు. మూడు శుక్రవారాలు అదే రౌండ్అబౌట్ దగ్గర, కుంటుకుంటూ వెళ్ళి గంటసేపు లారీలు లెక్కపెట్టాడు. కప్పు వచ్చింది, పోయింది. రేవు జట్టు రాలేదు. రూవీ జట్టే గెలిచింది. చివరి మ్యాచ్‌లో ఆసుపత్రి జట్టు మీద తొమ్మిది గోల్స్ కొట్టారు.

ఆ తొమ్మిది గోల్స్ నుంచే పతనం మొదలైంది. బ్యాంకు గుమాస్తాల జట్టు, ఆసుపత్రి జట్టు తప్ప ఇక ఆడేవాళ్ళు లేరు. బ్యాంకువాళ్ళలో ఇద్దరు బూట్లు లేకుండా వచ్చేవాళ్ళు. అర్బాబ్ ఒక శుక్రవారం సగంలో లేచిపోయాడు, తర్వాతి వారం రానే లేదు. గ్రౌండు చుట్టూ మూడు వరుసలు నిలబడే జనం ఒక వరుసకు, ఆ తర్వాత పిడికెడు మందికి తగ్గారు. గురువారం సాయంత్రాలు గ్రౌండులో రాళ్ళు ఏరడానికి ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. గెలిచినా మాంసం వండడం లేదు. ఇస్తారి పట్టుడులో కర్రలు తగ్గిపోయాయి. వచ్చిన కర్రలు కూడా అరగడం లేదు. అది చూసి అతనికి భయం వేసింది.

డిసెంబరు మొదటి వారంలో ఎహసాన్ వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. జిగురు గిన్నెలో పుల్ల పెట్టి తిప్పసాగాడు.

"జల్ది జెప్పు భాయ్."

"జనవరి నుంచి ఆట బంద్ అంటున్నడు అర్బాబ్. అందరికీ ఫుల్ డ్యూటీ. షెడ్డు గోదాం చేస్తరంట. నిన్ను బౌషర్ సైట్ల షట్టరింగ్‌కు రాసిన్రు."

"బౌషర్‌ది ఎన్నంతస్తులు?"

"నాలుగు."

ఇస్తారి తన కాలిని చూసుకున్నాడు. బౌషర్ సైట్‌కు పంపేముందు డాక్టరు పరీక్ష తప్పదు. పరీక్ష అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

"నీ మాట వట్టుకొనే వద్దన్నం," అన్నాడు ఎహసాన్. కోపంగా అనలేదు. "ఇప్పుడు నువ్వే జెప్పు, ఏం జేద్దాం?"

"సూర్ పోదాం."

"పోయి?"

"వాళ్ళు నిజంగనే అక్కడ ఉన్నరా లేదా జూద్దాం ముందు."

ఎహసాన్ నెత్తి కొట్టుకున్నాడు. కానీ ఆ గురువారం సూర్‌కు పలకలు తీసుకెళ్ళే లారీలో ఇద్దరికీ చోటు చూశాడు.

తెల్లవారకముందు బయలుదేరి, కొండల మధ్య మట్టిదారిలో దుమ్ము మింగుతూ, పొద్దుగూకేముందు సూర్ చేరారు. ఊరంచున సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చోట చదునైన నేల, దాని పక్కనే పడవలు కట్టే చోటు. ఆ చదును నేల మీద హాకీ జరుగుతోంది. ఇస్తారి లారీ దిగి కాలు సాగదీసుకుంటూ నిలబడిపోయాడు. అదే రేవు జట్టు. కానీ ఆడుతున్న తీరు వేరు. మత్రా రేవులో సగం పూట పని చేసి, లారీలో కూర్చుని రూవీ గ్రౌండుకు వచ్చేవాళ్ళు. ఇక్కడ వాళ్ళు కడుతున్న బడి గ్రౌండుకు కూతవేటు దూరం. సాయంత్రం అయితే ఆ ఊళ్ళో ఇంకో కాలక్షేపం లేదు. పడవలు కట్టే మనుషులు, బడి పంతుళ్ళు ఇంకో జట్టుగా రోజూ వాళ్ళతో ఆడుతున్నారు. ఊళ్ళో సగం మంది చుట్టూ నిలబడ్డారు.

గాలి ఇటు తిరిగింది. ఇస్తారి ముక్కుకు చేపనూనె వాసన గుప్పున తగిలింది.

సగం కట్టిన పడవ కింద ఒక ముసలాయన బాడిసెతో టేకు ముక్క చెక్కుతున్నాడు. పక్కన డబ్బాలో సొరచేప నూనె, అందులో బ్రష్షు. పడవ పలకలకు పూసేది అదే. గోడకు ఆనించి ఏడెనిమిది టేకు హాకీ కర్రలు. ముసలాయన తలెత్తి, బొంబాయి హిందీలో, "క్యా చాహియే?" అన్నాడు. పేరు యాకూబ్ అని, చిన్నప్పుడు పడవల మీద బొంబాయి, కాలికట్ తిరిగానని తర్వాత చెప్పాడు.

ఇస్తారి ఒక కర్ర తీసి మీటి చూశాడు. అదే బరువు, అదే మోత. ఇన్నేళ్ళూ కర్రలో ఆడినవాణ్ణి వెతికాడు గానీ, చెక్కినవాణ్ణి ఎన్నడూ వెతకలేదు. దుకాణంలో కొన్న కర్రలే అతని చేతికి వచ్చేవి మరి. కర్రను ఊళ్ళోవాడు ఎవడైనా చేస్తాడన్న సంగతే, వడ్రంగి అయి ఉండి, అతనికి తట్టలేదు.

"ఆ పొద్దు తెచ్చింది ఈయన చేసిందేనా?" అని అడిగాడు, ఆట ముగించి వచ్చిన ఫజల్‌ని.

"ఆయన చేసిందే. సూర్ చూసిపోదామని అంతకుముందు వారం వచ్చినప్పుడు ఇచ్చినాడు. రెండు రోజులు ఆడించి చూసినాం. నీకు చూపిస్తే బాగుండాదో లేదో చెప్తావనుకుంటి."

"మరి చేసినోడు ఎవడో ఎందుకు జెప్పలే?"

"నీ పని ఇంకొకరికి ఇస్తాండామని నొచ్చుకుంటావేమోనని చెప్పలే. నొచ్చుకోవడం కాదు, నువ్వు మా కొంపే ముంచితివి గదప్పా!"

ఎహసాన్ ఇస్తారి వైపు ఒక చూపు చూశాడు. ఇస్తారి కర్రను గోడకు ఆనించాడు. "బరువెక్కువ. మెడ కాడ వేలెడు చెక్కితే బాగుంటది," అన్నాడు. యాకూబ్‌కు హిందీలో అదే చెప్పాడు. యాకూబ్ కర్ర తిప్పి చూసి, బాడిసె అతని చేతికిచ్చాడు. ఇస్తారి చెక్కాడు. ఫజల్ పక్కన నిలబడి చూస్తూ కాసేపటికి మెత్తబడ్డాడు.

"మ్యాచ్ కావాల్నా? రాండి. కానీ ఫోర్‌మన్లు వడ్రంగులు చెప్తే మేం ఆడం. మోసమన్న నోటితోనే మీ అర్బాబ్ అడగాల. అదీ మొదటి మ్యాచ్ ఈడనే."

తిరుగు లారీ సగం దారి దాటింది. ఎహసాన్ అన్నాడు: "అర్బాబ్ నిన్ను పిలుస్తడు. వాళ్ళు ఎట్ల ఆడుతున్నరని అడుగుతడు. చెత్తగ ఆడుతున్నరు అని జెప్పు. గెలుస్తమంటే వస్తడు."

"గెలువం."

"తెలుసు రా బాబూ. గెలుస్తం అని చెప్పమంటున్న."

ఇస్తారి చీకట్లో అతని ముఖం చూడటానికి ప్రయత్నించాడు. ఇది తనని కాపాడే మాటా, రేపు ఓడాక తప్పంతా తన నెత్తిన వేసే మాటా? రెండేళ్ళు తన ఉద్యోగం నిలిపిన మనిషిని అలా అనుమానించడానికి అతనికి సిగ్గనిపించలేదు. కిందటిసారి తన ముఖం చూసి ఎహసాన్ నమ్మాడు, ఏమైందో ఇద్దరూ చూశారు.

ఫజల్ పెట్టిన షరతు ఎహసాన్ చెప్పాక, అర్బాబ్ ఆదివారం ఇస్తారిని పిలిచాడు. చల్లటి గదిలో, బల్ల అవతల, చేతిలో జపమాల తిప్పుతూ అరబ్బీలో అడిగాడు. ఎహసాన్ తెలుగులోకి తిప్పాడు: "ఆ జట్టు ఇప్పుడు ఎట్లుంది అంటున్నడు."

ఎహసాన్ కళ్ళు గట్టిగా ఏదో చెబుతున్నాయి. ఇస్తారి అటు చూడకుండా అర్బాబ్ వైపే చూశాడు.

"పోయినసారి నేను తప్పు జెప్పిన. నా తప్పు వల్లనే మోసమనుకున్నరు. మోసం లేదు. వాళ్ళు రోజు ఆడుతున్రు, వాళ్ళ కర్రల పిడులు చెమటకు నల్లవడ్డయి. మనోళ్ళ పిడులు తెల్లగున్నయి. ఇప్పుడు పోతే మనం ఓడిపోతం. గిదే నిజం."

ఎహసాన్ ఆగాడు. "ఇదంతా జెప్పాల్నా?" అని గొణిగాడు.

"జెప్పు. తిప్పి జెప్పకు. అరబ్బీ రాకున్నా మొఖం చూస్తే తెలుస్తది నాకు."

ఎహసాన్ చెప్పాడు. జపమాల ఆగిపోయింది. అర్బాబ్ ఒకే ఒక్క మాట అడిగాడు, దాన్ని రెండుసార్లు అడిగాడు. ఎహసాన్ ఇస్తారి వైపు తిరిగాడు: "వాని చేతిల నేను ఓడుతనా, అంటున్నడు."

"ఔను అను."

ఆ మాట విన్నాక అర్బాబ్ లేచి, కిటికీ దాకా వెళ్ళి, వెనక్కి వచ్చాడు. ఫోన్ తీసి ఎవరికో గట్టిగా అరబ్బీలో చెప్పాడు. ఫోన్ పెట్టేసి ఇద్దర్నీ పొమ్మని చెయ్యి ఊపాడు. నడవాలోకి వచ్చాక ఎహసాన్ గోడకు ఆనుకున్నాడు. "రెండేండ్ల తర్వాత రేవు అర్బాబ్‌తో మాట్లాడిండు. జనవరి మూడో శుక్రవారం. సూర్ల."

"షెడ్డు సంగతి?"

"అడగలే. అడిగే మొఖమా అది?"

బౌషర్ సైట్ జాబితాలో ఇస్తారి పేరు అలాగే ఉంది. డాక్టరు పరీక్ష జనవరి ఆఖరుకు పడింది. ఈలోపు ఆట అలవెన్సు కొనసాగింది, ప్రాక్టీసు మొదలైంది. ఇస్తారి ముప్పై కర్రలు విప్పి మళ్ళీ చుట్టాడు. కొందరు ఆటగాళ్ళు తమ కర్ర చుడుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూశారు, వదులుగా చుట్టకుండా. సూర్‌లో అతను ముసలాయన కర్ర చెక్కి ఇచ్చాడన్న సంగతి ఎహసాన్ చెప్పలేదు గానీ, లారీ డ్రైవర్ చెప్పేశాడు.

జనవరిలో సూర్ గ్రౌండు చుట్టూ ఆ ఊరి మనుషులు, పడవల మీద కాళ్ళు వేలాడేసుకుని ఇంకొందరు. ఇద్దరు అర్బాబ్‌లూ గీతకు చెరో కొసన కుర్చీలు వేయించుకున్నారు. రూవీ జట్టు ఐదు–ఒకటితో ఓడింది. ఆ ఒక్కటీ ఎహసాన్ కొట్టాడు. రూవీ కర్రలు మూడు విరిగాయి. యాకూబ్ చేసిన కర్రల్లో ఒక్కటీ విరగలేదు.

"జూసినవా?" అన్నాడు ఒకతను లారీ ఎక్కుతూ, ఇస్తారికి వినపడేలా. "వాళ్ళయి రాయిలెక్క ఉన్నయి. మనయి చెరుకుగడలు. ఎవడు చుట్టిండో మరి!"

"నీది నువ్వే ముంగట కూసొని చుట్టించుకున్నవు గదా. నువ్వే జెప్పు, ఎవడు చుట్టిండో," అన్నాడు ఇస్తారి. మిగతావాళ్ళు నవ్వారు. అతను గొణుక్కుంటూ లారీ లోపలికి జరిగాడు.

మంగళవారం పొద్దున లాండ్‌రోవర్ షెడ్డు ముందు ఆగింది. అర్బాబ్ ఎన్నడూ అక్కడికి రాలేదు. తెల్లటి పొడవాటి దిష్‌దాషా అంగీ అంచు చెక్కపొట్టుకు తగలకుండా ఎత్తి పట్టుకుని లోపలికొచ్చాడు. చేతిలో విరిగిన ఎహసాన్ కర్ర, రెండు ముక్కలు. దాన్ని బల్ల మీద పడేశాడు. చుట్టూ చూశాడు, రేకుల పైకప్పు, పొయ్యి, పట్టుడు. ఇస్తారి లేవబోయాడు, మోకాలు సహకరించలేదు. అర్బాబ్ కూర్చోమన్నట్టు చేత్తో సైగ చేసి, తనకు వచ్చిన కొద్దిపాటి హిందీలో అన్నాడు: "వచ్చే నెల వాళ్ళు ఇక్కడికి వస్తారు. ఇది బాగుచెయ్యి. ఎన్ని రోజులు?"

ఇస్తారి ముక్కలు రెండూ కలిపి చూశాడు. నారవెంబడి విరిగింది, మంచి విరుపు. జిగురు పట్టడానికి ఒక పగలు, ఆరడానికి ఒక రాత్రి, చుట్టడానికి పూట. రెండు రోజుల పని.

డాక్టరు పరీక్ష శనివారం. మనిషి పట్టుడులో పని సగంలో పెట్టుకుని ఉంటే, అదీ అర్బాబ్ స్వయంగా తెచ్చిచ్చిన పని, వాణ్ణి లేపి డాక్టరు దగ్గరికి పంపే ధైర్యం క్యాంపులో ఎవరికీ ఉండదు. అర్బాబ్ బౌషర్ జాబితా గురించి మాట్లాడలేదు. మాట్లాడేదాకా ఇస్తారి నమ్మదలచుకోలేదు.

"పది రోజులు," అన్నాడు.

అర్బాబ్ కళ్ళు చిన్నవి చేసి కర్రనూ, అతన్నీ మార్చి మార్చి చూశాడు. "ఐదు," అన్నాడు.

"ఎనిమిది."

అర్బాబ్ సరేనన్నట్టు తల ఊపి, దిష్‌దాషా ఎత్తిపట్టుకుని బయటికి నడిచాడు. లాండ్‌రోవర్ వెళ్ళాక ఇస్తారి ముక్కల్ని పట్టుడులో బిగించి, జిగురు కాచే పొయ్యి మాత్రం వెలిగించకుండా అలాగే కూర్చున్నాడు.